క్వార్టర్‌బ్యాక్‌ను అంచనా కట్టడం, 4వ పాఠం: ఫైనల్‌కు ముందు ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డౌన్‌నీ (పది గజాలు ముందుకెళ్లడానికి జట్టుకు ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఒక్కొక్కటీ ఒక డౌన్), మిగిలిన దూరాన్నీ బట్టి ఒక త్రో విలువ ఎంతో తేల్చడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు ముందు రెండు జట్ల క్వార్టర్‌బ్యాక్‌లను, అంటే బంతి విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాళ్లను, ఎలా పోల్చాలో చూద్దాం. కాగితం, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ఉదాహరణగా 57వ సూపర్ బౌల్ తీసుకుందాం. 2023 ఫిబ్రవరి 12న అరిజోనాలోని గ్లెండేల్‌లో జరిగింది. కాన్సాస్ సిటీ చీఫ్స్‌కు పాట్రిక్ మహోమ్స్, ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు జేలెన్ హర్ట్స్. ఫలితం తెలిసిన మ్యాచ్‌నే ఎంచుకున్నది ఎందుకంటే, మన అంచనా ఎక్కడ నిలిచిందో ఎక్కడ తప్పిందో చివర్లో సరిచూసుకోవచ్చు.

2022 రెగ్యులర్ సీజన్ అంకెలు ఇలా రాసుకోండి. టచ్‌డౌన్ అంటే బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి చేసే స్కోరు, ఇంటర్‌సెప్షన్ అంటే విసిరిన బంతి ప్రత్యర్థి చేతికి చిక్కడం, శాక్ అంటే బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం.

మహోమ్స్: 17 మ్యాచ్‌లు, 648 త్రోలు, అందినవి 435, 5,250 గజాలు, 41 టచ్‌డౌన్లు, 12 ఇంటర్‌సెప్షన్లు, 26 శాక్‌లు, శాక్‌లలో పోయినవి 188 గజాలు.

హర్ట్స్: 15 మ్యాచ్‌లు, 460 త్రోలు, అందినవి 306, 3,701 గజాలు, 22 టచ్‌డౌన్లు, 6 ఇంటర్‌సెప్షన్లు, 38 శాక్‌లు, పోయినవి 231 గజాలు.

మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. 5,250 పక్కన 3,701 కనిపించగానే తీర్పు చెప్పేస్తారు. భుజం గాయంతో హర్ట్స్ రెండు మ్యాచ్‌లు ఆడలేదు. పైగా ఈగిల్స్ పరుగు ఆటను ఎక్కువగా నమ్ముకున్న జట్టు. మ్యాచ్‌కు ఎన్ని త్రోలో చూడండి: మహోమ్స్‌కు 38.1, హర్ట్స్‌కు 30.7. క్రికెట్‌లో ఎన్ని బంతులు ఆడాడో చూడకుండా పరుగులు మాత్రమే పోల్చం కదా. ఇక్కడా త్రోల సంఖ్యతో భాగించండి: మహోమ్స్ 8.10 గజాలు, హర్ట్స్ 8.05. 1,549 గజాల తేడా కాస్తా అర అడుగు కూడా లేకుండా పోయింది!

తర్వాత పాసర్ రేటింగ్, అంటే త్రోల నాణ్యతను ఒకే అంకెలో చెప్పే కొలత. దీనికి నాలుగు భాగాలు. మహోమ్స్ అంకెలతో ఒక్కొక్కటీ చేద్దాం.

అందిన త్రోల నిష్పత్తి 0.6713. అందులోంచి 0.3 తీసి 5తో గుణిస్తే 1.8565.
త్రోకు గజాలు 8.1019. అందులోంచి 3 తీసి 0.25తో గుణిస్తే 1.2755.
టచ్‌డౌన్ల నిష్పత్తి 41÷648. 20తో గుణిస్తే 1.2654.
ఇంటర్‌సెప్షన్ల నిష్పత్తి 12÷648. 25తో గుణించి, వచ్చినదాన్ని 2.375లోంచి తీసేస్తే 1.9120.

నాలుగూ కూడి, 6తో భాగించి, 100తో గుణించండి. 105.2 వస్తుంది. మీకు 105.1 వచ్చిందంటే మధ్యలో అంకెలు మరీ కుదించారన్నమాట. నాలుగు దశాంశాలు ఉంచండి. ఇంకో నియమం: ఏ భాగమూ సున్నా కంటే కిందికి దిగదు, 2.375 దాటదు. అందుకే ఎవరికైనా గరిష్ఠ రేటింగ్ 158.3. హర్ట్స్ అంకెలు మీరే చేసి చూడండి, 101.5 రావాలి.

ఈ రేటింగ్‌లో పెద్ద లోపం ఉంది. శాక్‌లు లెక్కలోకి రావు, కాళ్లతో సాధించినదీ రాదు, చేజారిన బంతీ రాదు. ఒక క్వార్టర్‌బ్యాక్ బంతిని పట్టుకుని తటపటాయించి 8 గజాలు వెనక పడిపోయినా రేటింగ్ చెక్కుచెదరదు. అందుకే మా దృష్టిలో రెండో కొలతే ముఖ్యం. గజాలకు టచ్‌డౌన్‌కు 20 చొప్పున కలపండి, ఇంటర్‌సెప్షన్‌కు 45 చొప్పున, శాక్‌లలో పోయిన గజాలు తీసేయండి. మిగిలినదాన్ని త్రోలు, శాక్‌లు కలిపిన సంఖ్యతో భాగించండి.

మహోమ్స్: 5,250 + 820 − 540 − 188 = 5,342. దాన్ని 674తో భాగిస్తే 7.93.
హర్ట్స్: 3,701 + 440 − 270 − 231 = 3,640. దాన్ని 498తో భాగిస్తే 7.31.

ఇప్పుడు అసలు తేడా బయటపడింది. అందులో శాక్‌ల పాత్ర పెద్దదే. వంద ప్రయత్నాలకు హర్ట్స్ దాదాపు 7.6 సార్లు పడ్డాడు, మహోమ్స్ 3.9 సార్లే.

ఇక పరుగు. మహోమ్స్ 61 సార్లు పరిగెత్తి 358 గజాలు, హర్ట్స్ 165 సార్లు పరిగెత్తి 760 గజాలు. సగటు తీస్తే మహోమ్స్ 5.9, హర్ట్స్ 4.6. మరి మహోమ్స్ మెరుగైన పరుగుగాడా? కాదు. మహోమ్స్ పరిగెత్తేది ఎక్కువగా త్రోకు దారి దొరకక, ఎదుట ఖాళీ కనిపించినప్పుడు. హర్ట్స్ పరుగుల్లో చాలావాటిని కోచ్ ముందే వేసిన పథకంలో రాసి పెడతాడు. మూడో డౌన్‌లో ఒక్క గజం కావాలి, వెనకనుంచి సహచరులు నెడుతుంటే హర్ట్స్ గజంన్నర సాధిస్తాడు. సగటు పడిపోతుంది, కానీ జట్టుకు ఫస్ట్ డౌన్ వస్తుంది, అంటే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. అందుకని పరుగును సగటుతో తూచకండి, ఫస్ట్ డౌన్లు, టచ్‌డౌన్లు లెక్కపెట్టండి. ఆ సీజన్‌లో పరుగు టచ్‌డౌన్లు హర్ట్స్‌కు 13, మహోమ్స్‌కు 4.

చాలామంది వదిలేసే మెట్టు ఇది: క్వార్టర్‌బ్యాక్‌లు ఒకరితో ఒకరు తలపడరు. మహోమ్స్ ఎదురు నిలిచేది ఈగిల్స్ డిఫెన్స్‌కు. అది ఆ సీజన్‌లో 70 శాక్‌లతో లీగ్‌లోనే మొదటి స్థానంలో ఉంది. కాబట్టి పోలికను అడ్డంగా కాకుండా ఐమూలగా చేయాలి. తక్కువగా పడే క్వార్టర్‌బ్యాక్‌కూ ఎక్కువగా పడగొట్టే డిఫెన్స్‌కూ మధ్య పోటీలో ఎవరిది పైచేయి? దీనికి గాయం తోడైంది. జాక్సన్‌విల్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌లో మహోమ్స్ చీలమండ పైభాగం బెణికింది. అలాంటి కాలితో తప్పించుకు తిరగలేడని అనుకోవడం సహజమే.

ముందు మ్యాచ్ అంకెలకు మాత్రం ఎక్కువ విలువ ఇవ్వకండి. శాన్‌ఫ్రాన్సిస్కోపై హర్ట్స్ వేసింది 25 త్రోలు, వచ్చింది 121 గజాలు. ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ మోచేయి ఆరంభంలోనే దెబ్బతింది. ఈగిల్స్ 31–7తో గెలిచింది, ఎక్కువ త్రోలు వేయాల్సిన అవసరమే పడలేదు.

ఏం జరిగిందో సరిచూద్దాం. చీఫ్స్ 38–35తో గెలిచింది. మహోమ్స్ 27లో 21, 182 గజాలు, 3 టచ్‌డౌన్లు, ఒక్క శాక్ కూడా లేదు. 70 శాక్‌ల డిఫెన్స్ చేతికి చిక్కకపోవడానికి ముఖ్య కారణం బంతి త్వరగా చేయి దాటడమే. నాలుగో క్వార్టర్‌లోని రెండు టచ్‌డౌన్ త్రోలను ఆపి ఆపి చూడండి. రిసీవర్ (త్రో అందుకునే ఆటగాడు) బంతి వైపు లోపలికి కదులుతాడు, డిఫెండర్లు అతన్ని ఒకరికొకరు అప్పగించుకునే లోపే గిరుక్కున వెనక్కి తిరిగి బయటికి పరిగెడతాడు. ఒకసారి కడారియస్ టోనీ, ఇంకోసారి అవతలి వైపు స్కై మూర్. ఇద్దరి దగ్గరా ఒక్క డిఫెండర్ లేడు. ఇది క్వార్టర్‌బ్యాక్ గొప్పా, పథకం గొప్పా అంటే, ఆ రెండు త్రోల్లో ఎక్కువ భాగం పథకానిదే.

హర్ట్స్ 38లో 27, 304 గజాలు, ఒక టచ్‌డౌన్ త్రో, 70 గజాల పరుగు, 3 పరుగు టచ్‌డౌన్లు. ఆ రోజు అతని రేటింగ్ 103.4. కానీ రెండో క్వార్టర్‌లో ఎవరూ తాకకుండానే అతని చేతిలోంచి బంతి జారింది, నిక్ బోల్టన్ దాన్ని అందుకుని 36 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. మూడు పాయింట్ల తేడాతో ముగిసిన మ్యాచ్‌లో ఆ ఒక్క జారుడుకు ఏడు పాయింట్లు పోయాయి. 103.4లో దాని జాడ లేదు, మూడు పరుగు టచ్‌డౌన్ల జాడా లేదు. ఈ రెండింటినీ విడిగా రాసుకునే గడి మీ కాగితంలో తప్పనిసరిగా ఉండాలి.

అభ్యాసం: 2025 ఫిబ్రవరి 9న 59వ సూపర్ బౌల్‌లో వీళ్లే మళ్లీ ఎదురుపడ్డారు. 2024 సీజన్‌లో మహోమ్స్ 581లో 392, 3,928 గజాలు, 26 టచ్‌డౌన్లు, 11 ఇంటర్‌సెప్షన్లు. హర్ట్స్ 361లో 248, 2,903 గజాలు, 18 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లు. ఇద్దరి రేటింగూ కట్టండి. 93.5, 103.7 రావాలి. తర్వాత ఐమూల పోలిక చేయండి. ఒక్క సూచన: చీఫ్స్ ఆ సీజన్ చివర్లో లెఫ్ట్ గార్డ్ జో థూనీని లెఫ్ట్ టాకిల్‌గా ఆడించాల్సి వచ్చింది (రెండూ క్వార్టర్‌బ్యాక్‌ను కాచే వరుసలోని స్థానాలే, టాకిల్ దాని చివర నిలబడతాడు). ఈగిల్స్ ఆ మ్యాచ్‌లో మహోమ్స్‌ను 6 సార్లు పడగొట్టి 40–22తో గెలిచింది.