పాత రిమ్ బ్రేక్ ట్రయథ్లాన్ బైక్‌ని అమ్మకుండా ఇంకొన్నేళ్లు నడపడం ఎలా?

రిమ్ బ్రేక్ అంటే చక్రం అంచుని (రిమ్‌ని) రెండు వైపులా ప్యాడ్లతో పట్టి ఆపేది, డిస్క్ బ్రేక్ అంటే చక్రం మధ్యలో ఉన్న పళ్లేన్ని పట్టి ఆపేది. ఇప్పుడు డిస్క్ బ్రేక్ లేని బైక్ రేసుకి పనికిరాదన్నట్టు మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు. 2018లో హవాయి కోనాలో జర్మనీ ట్రయథ్లెట్ పాట్రిక్ లాంగే 7 గంటల 52 నిమిషాల్లో ఐరన్‌మ్యాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పెద్ద రేసు) ముగించి, అక్కడ 8 గంటల లోపు వచ్చిన మొదటివాడయ్యాడు. ఆ రోజు అతను తొక్కిన కేన్యన్ స్పీడ్‌మ్యాక్స్ బైక్‌కి ఉన్నవి రిమ్ బ్రేకులే. కొత్తదంటే లక్షల్లో మాట. మీ ఫ్రేమ్ మీ ఒంటికి సరిపోతూ, పగుళ్లు లేకుండా ఉంటే ఆ డబ్బు దాచుకుని ఈ పనులు చేయండి.

ముందు ఫ్రేమ్. బైక్ కడిగి ఎండలోకి తెచ్చి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింది గొట్టం) దగ్గర, బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు ఉండే చోటు) చుట్టూ, సీట్ పోస్ట్ బిగించే చోట నిదానంగా చూడండి. గీత కనిపిస్తే గోటితో గీరండి. గోరు ఇరుక్కున్నా, నొక్కితే మెత్తగా అనిపించినా కార్బన్ ఫ్రేములు రిపేర్ చేసేవాళ్లకి చూపించేదాకా ఎక్కొద్దు.

తర్వాత రిమ్. అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, ఎందుకంటే ఇక్కడ ప్యాడ్ ఒక్కటే కాదు, రిమ్ కూడా అరుగుతుంది. చాలా అల్యూమినియం రిమ్‌లకి బ్రేక్ పట్టే చోట చిన్న గుంటో సన్నటి గాడో ఉంటుంది, అది చెరిగిపోయిందంటే రిమ్ మార్చాల్సిందే. గుర్తు లేకపోతే స్టీలు స్కేలు అంచుని అక్కడ ఆనించి వెలుగుకి ఎదురుగా పట్టుకోండి, మధ్యలో సందు కనిపిస్తే లోపలికి అరిగిపోయిందన్నమాట. అలాంటి రిమ్‌తో తిరిగితే టైరులో గాలి ఒత్తిడికి అంచు విచ్చుకుపోవచ్చు. డిస్క్‌కి మారినవాళ్లు పాత చక్రాలు అమ్మేస్తుంటారు, మంచి జత కనపడితే ఇప్పుడే తీసిపెట్టుకోండి.

ఇక ప్యాడ్లు. పోయిన వర్షాకాలం నేను ముందు బ్రేక్ పట్టినప్పుడల్లా గరగరమని చప్పుడు. విప్పి చూస్తే రబ్బరులో బియ్యపు నూకంత అల్యూమినియం ముక్కలు మూడు దిగబడి రిమ్‌ని గీరేస్తున్నాయి. సూదితో పెకలించి, ప్యాడ్ మీద ఉప్పు కాగితం నాలుగుసార్లు రుద్ది, రిమ్‌ని స్పిరిట్‌తో తుడిస్తే చప్పుడు పోయింది. నెలకోసారి ఇది చేయండి. బిగించేటప్పుడు ప్యాడ్ వెనక కొస కింద ఒక విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తే ముందు కొస ముందుగా తగులుతుంది, కీచుమనదు. కార్బన్ రిమ్ అయితే కార్బన్ రిమ్ కోసం చేసిన ప్యాడ్లే వాడాలి, మామూలు రబ్బరు ప్యాడ్లతో పెద్ద దిగుడులో రిమ్ వేడెక్కి పాడవుతుంది.

బ్రేక్ సరిగ్గా పట్టట్లేదని చాలామంది రిమ్ బ్రేకునే తిడతారు గానీ, అసలు తప్పు తుప్పు పట్టిన కేబుల్‌ది అయి ఉంటుంది. హ్యాండిల్ నుంచి ఫ్రేమ్ లోపలికి అన్ని వంపులు తిరిగి వెళ్లే కేబుల్ మరి! మార్చేటప్పుడు పాత తీగ లాగేయకండి. దాని మీదుగా సన్నటి ప్లాస్టిక్ గొట్టం దూర్చి, ఆ తర్వాత తీగ తీసి, అదే గొట్టంలోంచి కొత్తది పంపించండి. లేకపోతే ఒక సాయంత్రమంతా ఫ్రేమ్‌లో తీగ కోసం వెతకడమే.

టైర్ల సంగతి, పాత ఫ్రేముల్లో 23, 25 మిల్లీమీటర్ల వెడల్పు మించి పట్టకపోవచ్చు. చుట్టూ కనీసం 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా చూసుకుని మంచి రేసు టైరు, లేటెక్స్ ట్యూబు వేయండి. లేటెక్స్ ట్యూబులో రాత్రికి రాత్రి గాలి తగ్గుతుంది కాబట్టి రేసు పొద్దున మళ్లీ కొట్టుకోవాలి.

మిగిలిన డబ్బు బైక్ ఫిట్‌కి (సీటు, హ్యాండిల్ మీ ఒంటికి తగ్గట్టు సర్దించుకోవడానికి) పెట్టండి, గాలిని ఎక్కువగా అడ్డుకునేది మీ ఒళ్లే. హైదరాబాద్‌లో ఉంటే ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, అక్కడ ఏరో పొజిషన్‌లో (ఏరోబార్లు, అంటే ముందుకి పొడుచుకొచ్చిన కడ్డీల మీద మోచేతులు ఆనించి వంగి) వెళ్తుంటే పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయించుకోండి. తల పైకి లేస్తోందా, భుజాలు బిగుసుకున్నాయా అన్నది తెలిసిపోతుంది. ఇంటికొచ్చాక చెమట తుడవడం మర్చిపోవద్దు, ఏరోబార్ల మీద వంగితే అదంతా హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ బోల్టుల మీదే కారుతుంది.

వానలో రిమ్ తడిస్తే బ్రేక్ ఆలస్యంగా పడుతుంది. మలుపుకి చాలా ముందే మెల్లగా నొక్కి వదిలితే నీళ్లు తుడుచుకుపోతాయి, ఆ తర్వాత గట్టిగా పట్టండి.

గోవా 70.3కి (సగం దూరపు ఐరన్‌మ్యాన్ రేసు) బైక్ పెట్టెలో పెట్టి తీసుకెళ్లేటప్పుడు వంకరపోయే డిస్కులూ, కారే ఆయిలూ ఉండవు. ఒక స్పేర్ కేబుల్, అలెన్ కీలు చాలు. అక్కడ చక్రాలు బిగించాక మాత్రం కిందికి వంగి, ప్యాడ్ రిమ్ మీదే పడుతోందా, టైరుకి రాసుకుంటోందా అని రెండు వైపులా చూడండి. టైరుకి తగిలితే అది కోసుకుపోయి రేసులోని 90 కిలోమీటర్ల సైకిల్ భాగం అవ్వకముందే పేలొచ్చు.