సైనింగ్ డేకి ముందు: కాలేజీ రిక్రూట్ ఉన్న ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ (చేత్తో బంతి పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) ఆడే పిల్లాడికి తమ జట్టులో చేరమని పెద్ద కాలేజీ నుంచి ఆఫర్ వచ్చిందంటే, ఆ కాలేజీ అభిమానులు వరసపెట్టి వాడి ఎక్స్ (పాత ట్విటర్) అకౌంటును ఫాలో అవుతారు. అలా కాలేజీలు వెంటపడే పిల్లాణ్ణే రిక్రూట్ అంటారు. ర్యాంకింగ్ సైట్లు ఇచ్చే స్టార్లు ఎక్కువైతే ఆ సంఖ్య వేలల్లో ఉంటుంది. మూడు నెలల తర్వాత వాడు వేరే కాలేజీ పేరు చెబితే, నిన్నటిదాకా మంట ఎమోజీలు పెట్టినవాళ్ళే తిట్లకు దిగుతారు. వాడినీ, వాడి అమ్మనీ, చెల్లెలినీ ఎవరినీ వదలరు. మన హీరోల ఫ్యాన్ వార్స్ చూసినవాళ్ళకు ఈ భాష కొత్తేం కాదు. కాకపోతే అక్కడ తిట్లు పడేది కోట్లు తీసుకునే స్టార్‌కి, ఇక్కడ పడేది మొన్నే డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చుకున్న పిల్లాడికి.

డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ వైపు తెలుగు ఇళ్ళలో పిల్లలు ఎక్కువగా టెన్నిస్, గోల్ఫ్, స్విమ్మింగ్ ఆడతారు. వాటిలో ఈ బెడద తక్కువ. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలున్న ఇంటికే ఈ జాగ్రత్తలు ముఖ్యం. బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిలున్నవాళ్ళు ఇంకా శ్రద్ధగా చదవాలి.

ఈ గొడవలో ఒక సౌకర్యం ఉంది: ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు. ఫలానా కాలేజీకి ఆడతానని మాటిచ్చి కమిట్ అయినట్టు ప్రకటించిన రోజు, ఆ మాట వెనక్కి తీసుకుని డీకమిట్ అయిన రోజు, ఒప్పందం మీద సంతకం చేసే రోజు, అంటే సైనింగ్ డే. ఫుట్‌బాల్‌లో ఎర్లీ సైనింగ్ (ముందస్తు సంతకాలు) ఇప్పుడు డిసెంబరు మొదటి బుధవారం మొదలై మూడు రోజులు సాగుతుంది, మిగిలినవాళ్ళకు ఫిబ్రవరి మొదటి బుధవారం. నోటిమాటగా ఇచ్చిన కమిట్‌మెంట్ ఎవరినీ కట్టిపడేయదు. కాలేజీ కూడా వెనక్కి తగ్గొచ్చు, తగ్గుతుంది కూడా. అభిమానులు మాత్రం దాన్ని తాంబూలాలు పుచ్చుకున్నట్టే లెక్కేస్తారు. 2021 డిసెంబరు 15న ట్రావిస్ హంటర్ అనే ఆటగాడు ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీని వదిలి జాక్సన్ స్టేట్‌కు సంతకం చేశాడు. 2020 నుంచి ఫ్లోరిడా స్టేట్‌కు కమిట్ అయి ఉన్నవాడు సరిగ్గా సంతకం చేసే రోజునే మారాడు. ఆటలో ఇది మామూలే, దీన్ని ఫ్లిప్ అంటారు. పైగా 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, గుర్తింపు వాడుకుని డబ్బు సంపాదించుకోవచ్చు, 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు. దాంతో ప్రతి ఫ్లిప్‌కీ ‘డబ్బుకు అమ్ముడుపోయాడు’ అన్న తిట్టు సిద్ధంగా ఉంటోంది.

తిట్లను ఆపడం ఎవరి వల్లా కాదు. ఆ తిట్టేవాడి చేతికి మీ ఇంటి అడ్రసు అందకుండా చూడటం మాత్రం మీ వల్ల అవుతుంది. అందుకే ఫోన్ సెట్టింగుల కంటే ముందు అడ్రసు సంగతి.

అడ్రసు ఎక్కడెక్కడ కారుతోంది

కాలేజీల నుంచి వచ్చే ఉత్తరాలను మంచం మీద పరిచి ఫొటో తీసి పెట్టడం రిక్రూట్లకు సరదా. ఆ కవర్ల మీద అడ్రసు లేబుల్ ఉంటుంది. ఫొటోను పెద్దది చేస్తే అపార్ట్‌మెంట్ నంబరుతో సహా చదవొచ్చు. పాత ఫొటోలన్నీ ఒకసారి వెనక్కి వెళ్ళి చూసి అలాంటివి తీసేయండి. లేబుల్ మీద స్టిక్కర్ ఎమోజీ పెట్టి మళ్ళీ పోస్ట్ చేసుకోవచ్చు. కొందరు ఫోన్‌లో ఉండే మార్కర్‌తో నల్లగీత గీస్తారు. ఆ గీత సగం పారదర్శకంగా ఉంటే, ఫొటో వెలుగు పెంచగానే కింద అక్షరాలు తేలతాయి. గీత కంటే లేబుల్ ఉన్న మేరకు ఫొటోనే కత్తిరించడం మేలు.

రెండోది రిక్రూట్ బయో. ఎత్తు, బరువు, పొజిషన్, గ్రాడ్యుయేట్ అయ్యే ఏడాది, జీపీఏ, వాటి పక్కనే సెల్ నంబరు. కోచ్‌లకు కావాలని పెడతారు, కానీ అదే నంబరుకు అర్ధరాత్రి మెసేజీలు వస్తాయి. హైలైట్ వీడియోలు పెట్టే హడల్ ప్రొఫైల్‌లోనూ అదే నంబరు ఉండొచ్చు, చూసుకోండి. పిల్లాడి సొంత నంబరు రెండు చోట్లా తీసేసి, రిక్రూటింగ్ కోసమే తెరిచిన ఈమెయిలూ, హైస్కూల్ కోచ్ స్కూలు ఈమెయిలూ పెట్టండి. నంబరు తప్పనిసరి అనిపిస్తే తల్లిదండ్రుల్లో ఒకరి పేరు మీద రెండో నంబరు తీసుకోండి. గొడవ ముదిరిన రోజు దాన్ని ఆపేస్తే సరిపోతుంది.

మూడోది మనవాళ్ళకే ప్రత్యేకమైన చిక్కు. టెక్సస్‌లో ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో యజమాని పేరు కొడితే ఇల్లు దొరుకుతుంది. స్మిత్‌లు ఊరినిండా ఉంటారు. మీ ఇంటిపేరు మాత్రం ఆ కౌంటీలో మీ ఒక్కరిదే అయ్యుండొచ్చు. జెర్సీ వీపు మీద ఆ పేరే ఉంటుంది. ఆ రికార్డును సాధారణంగా తీయించలేరు, కాబట్టి మిగతా దారులైనా మూయాలి. గూగుల్‌లో మీ గురించిన ఫలితాలు చూపించే సదుపాయం ఉంది. అందులో ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఉన్న పేజీలను వెతుకులాటలో కనబడకుండా చేయమని అడగొచ్చు. మనుషుల వివరాలు అమ్ముకునే సైట్లలో ఒక్కోదాన్లో విడివిడిగా తొలగింపు అభ్యర్థన పెట్టాలి. విసుగు పుట్టించే పనే. సైనింగ్ డేకి నెలన్నర ముందే మొదలుపెట్టకపోతే పూర్తికాదు.

ఇక అమ్మ ఫేస్‌బుక్. గృహప్రవేశం ఆల్బమ్‌లో మామిడాకుల తోరణం కింద గుమ్మం పక్కన ఇంటి నంబరు, వాకిట్లో నంబర్ ప్లేటుతో కారు, చెల్లెలి స్కూలు టీషర్టు. ఆల్బమ్ పబ్లిక్‌గా ఉంటే వెతికేవాడికి ఇంకేం అక్కర్లేదు. పాత పోస్టులన్నింటినీ ఒక్క దెబ్బతో స్నేహితులకే పరిమితం చేసే ఆప్షన్ ఫేస్‌బుక్ ప్రైవసీ సెట్టింగుల్లో ఉంది, వాడండి. బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఆఫర్ లెటర్ స్క్రీన్‌షాట్ పెట్టేముందు పై భాగం కత్తిరించండి. బాబాయి మురిసిపోయి దాన్నే పబ్లిక్‌గా పెట్టడన్న గ్యారంటీ లేదు.

అకౌంట్లు

అకౌంటు మూసేయమనడం సులువు, కానీ కోచ్‌లు చూసేది అక్కడే. ఇన్‌స్టాగ్రామ్‌లో 2024 సెప్టెంబరు నుంచి 18 లోపు పిల్లలకు టీన్ అకౌంట్ మామూలుగానే ప్రైవేట్‌గా ఉంటుంది. 16 దాటినవాళ్ళు దాన్ని సొంతంగా మార్చుకోగలరు, రిక్రూట్లు మార్చేస్తారు కూడా. మారిస్తే మార్చనివ్వండి, కానీ రెండు అకౌంట్లు పెట్టించండి. ఆటకు పబ్లిక్‌ది, స్నేహితులకు ప్రైవేట్‌ది. ప్రైవేట్ దాని పేరులో జెర్సీ నంబరు, ఇంటిపేరు ఉండకూడదు.

పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. కోడ్ ఎస్‌ఎంఎస్‌లో కాక ఆథెంటికేటర్ యాప్‌లో వచ్చేలా చూడండి. నంబరును వేరే సిమ్‌కు మళ్ళించి అకౌంటు కొట్టేసే మోసం ఉంది. ప్రకటన రోజున హ్యాక్ అయిన అకౌంటులోంచి పిల్లాడి పేరుతో బూతు పోస్టు వెళ్తే దాన్ని సర్దుకోవడం కష్టం.

పాత పోస్టుల శుద్ధి తర్వాత. 13 ఏళ్ళప్పుడు రాసిన ర్యాప్ పాట లైన్లు, జాత్యహంకారం అనిపించే జోకులు, అప్పటి అభిమాన జట్టు కోసం ఇప్పటి కాలేజీని తిట్టినవి. ఫ్లిప్ అయిన గంటలో అభిమానులు మొదట తవ్వేది ఇవే. ఎక్స్ వెతుకులాటలో పిల్లాడి హ్యాండిల్ పేరుతో ఒక్కో బూతుమాటా కలిపి కొట్టి చూడండి, అవతలివాళ్ళు చేసేదీ అదే.

ఎక్స్‌లో మ్యూట్ పదాల జాబితా అరగంట పని. తిట్ల మామూలు స్పెల్లింగూ, అక్షరాల బదులు అంకెలు పెట్టిన స్పెల్లింగూ రెండూ వేయండి. మన పిల్లల మీద పడేవి తెలిసినవే: కర్రీ, హెచ్1బీ, వెనక్కి పో. వాటితోపాటు అమ్మ పేరు, చెల్లెలి పేరు, ఉంటున్న వీధి పేరు కూడా మ్యూట్ చేయండి. తనకు తెలియనివాళ్ళ నుంచి వచ్చేవాటికి మాత్రమే, 30 రోజులకు అని పెట్టుకోవచ్చు. నోటిఫికేషన్ ఫిల్టర్లలో కొత్త అకౌంట్లు, ప్రొఫైల్ ఫొటో లేనివి, ఈమెయిల్ ధ్రువీకరించనివి ఆపేయండి. ఫొటోల్లో ట్యాగ్ చేసే వీలు తీసేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు ఎంచిన మాటలున్న కామెంట్లను దాచే హిడెన్ వర్డ్స్, ప్రకటన రోజున ఫాలో కానివాళ్ళ కామెంట్లనూ మెసేజీలనూ తాత్కాలికంగా దాచే లిమిట్ ఆప్షన్ ఉన్నాయి. ఒక విషయం గుర్తుంచుకోండి: ఎక్స్‌లో బ్లాక్ చేసినవాడు ఇప్పుడు కూడా పబ్లిక్ పోస్టులు చదవగలడు, 2024 నవంబరులో ఆ మార్పు వచ్చింది. బ్లాక్ చేశాం కదా అని లొకేషన్ పెట్టకూడదు. కాలేజీ విజిట్ ఫొటోలు ఇంటికి తిరిగొచ్చాకే పెట్టాలి.

ప్రకటన రోజు

వద్దనుకున్న కాలేజీల కోచ్‌లకు ముందు ఫోన్ చేయాలి. పోస్టు తర్వాతే. వరస తప్పితే కోచింగ్ స్టాఫ్ కోపం విలేకరుల దాకా, అక్కణ్ణుంచి అభిమానుల దాకా గంటలో పాకుతుంది. ఫోన్లకూ పోస్టుకూ మధ్య గంట రెండు గంటల కంటే ఎక్కువ తేడా ఉంచకండి, లేకపోతే వార్త ముందే లీక్ అవుతుంది.

డీకమిట్ పోస్టు నాలుగు వాక్యాలు మించకూడదు. కోచ్‌లకు కృతజ్ఞత, నిర్ణయం, రిక్రూటింగ్ మళ్ళీ తెరిచినట్టు, కుటుంబానికి ప్రైవసీ ఇవ్వమని. కారణాలు వద్దు. ‘ఆడే అవకాశం’ అని రాస్తే పిరికివాడంటారు, ‘కుటుంబానికి మంచిది’ అంటే డబ్బంటారు. ఎక్స్‌లో పోస్టు పెట్టేటప్పుడే రిప్లైలను తాను ఫాలో అయ్యేవాళ్ళకు పరిమితం చేయాలి. ‘వెరిఫైడ్ అకౌంట్లు’ అనే ఆప్షన్ వల్ల ఉపయోగం లేదు, ఆ నీలి టిక్ ఎవరైనా కొనుక్కోవచ్చు. రిప్లైలు ఆపినా కోట్ చేస్తూ తిట్టడం ఆగదు, దానికి సిద్ధంగా ఉండండి. బల్ల మీద నాలుగు కాలేజీల టోపీలు పెట్టి ఒకటి తీసుకునే వేడుక చేస్తే, మిగతా టోపీలను విసరడం, తోయడం చేయకూడదు. ఆ మూడు సెకన్ల వీడియోనే ఏళ్ళ తరబడి తిరుగుతుంది.

పోస్టు అయ్యాక 72 గంటలు పబ్లిక్ అకౌంటు వేరేవాళ్ళ చేతిలో ఉండాలి. అన్నయ్యో, కజినో, గొడవకు దిగని మనిషి ఎవరైనా. నాన్న కాకపోతే మంచిది, నాన్నలు జవాబిస్తారు. తండ్రి కోపంగా రాసిన ఒక్క రిప్లై చాలు, మర్నాటికి అదే వార్త. ఫోన్ మొత్తం లాక్కుంటామని బెదిరించకండి. అలా చేస్తే నిజమైన బెదిరింపు వచ్చినప్పుడు పిల్లాడు మీకు చెప్పడు.

తిట్టు బెదిరింపుగా మారితే

చంపుతామన్నది, అడ్రసు గానీ ఇంటి ఫొటో గానీ పెట్టింది, చెల్లెలి స్కూలు పేరెత్తింది, లైంగికమైనది. ఈ నాలుగింటిలో ఏదైనా వస్తే ముందు స్క్రీన్‌షాట్, తర్వాత రిపోర్ట్, ఆ తర్వాతే బ్లాక్. ఈ వరస తిరగేస్తే, రిపోర్ట్ తగిలిన అకౌంటు మాయమై ఆధారమే ఉండదు. స్క్రీన్‌షాట్‌లో పేరు, హ్యాండిల్, తేదీ, టైమ్ పడాలి. పోస్టు లింకు కూడా కాపీ చేసి పెట్టుకోండి. హ్యాండిల్ మార్చుకున్నా లింకు చివరి అంకెలు మారవు. చూడగానే మాయమయ్యే ఫొటోను ఇంకో ఫోన్‌తో తీయండి, ఎందుకంటే స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి తెలుస్తుంది.

మీ ఊరి పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి రిపోర్ట్ రాయించి, ఇన్సిడెంట్ నంబరు అడిగి తీసుకోండి. మీ ఇంట్లో తుపాకులు పేలుతున్నాయని దొంగ ఫోన్ చేసి ఆయుధాలతో పోలీసులను పంపించే పన్నాగాన్ని స్వాటింగ్ అంటారు. మీ అడ్రసుకు ముందే నోట్ పెట్టే వీలుందేమో అదే కాల్‌లో అడగండి. రాష్ట్రాల హద్దులు దాటి పంపిన బెదిరింపుకు ఫెడరల్ చట్టం కింద ఐదేళ్ళ వరకు జైలు పడొచ్చు, కాబట్టి ఎఫ్‌బీఐ టిప్స్ సైట్‌లోనూ పెట్టండి. వేధించేది ఇంకో హైస్కూల్ పిల్లాడైతే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. టెక్సస్‌లో డేవిడ్స్ లా పేరుతో 2017 చట్టం ఉంది. బడి బయట జరిగిన సైబర్ వేధింపు మీద కూడా స్కూలు చర్య తీసుకునే వీలు అది కల్పించింది.

పిల్లాడు తిండి మానేసినా, నిద్రపోకపోయినా, ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట అన్నా, ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభాలకు సహాయం చేసే 988కి కాల్ చేయొచ్చు, మెసేజ్ కూడా చేయొచ్చు.

దొంగ కోచ్, దొంగ అభిమాని

కొత్త ఆఫర్ ఇస్తున్నానంటూ మెసేజ్ చేసేవాళ్ళలో దొంగలుంటారు. ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన పెడితే ఎమ్ లాగా కనిపించే హ్యాండిళ్ళు వాళ్ళవి. కాలేజీ క్రీడా విభాగం సైట్‌లోని స్టాఫ్ డైరెక్టరీ నుంచి నంబరు తీసుకుని మీరే తిరిగి ఫోన్ చేయండి, వాళ్ళిచ్చిన నంబరుకు కాదు. ‘ప్రాసెసింగ్ ఫీజు’ అన్న మాట వస్తే అక్కడితో ఆపేయండి.

ఇంకో రకం, అభిమాని అమ్మాయినంటూ పరిచయమై ఫొటో అడిగి, తర్వాత డబ్బు కోసం బెదిరించేవాళ్ళు. 14 నుంచి 17 ఏళ్ళ మగపిల్లలే ఎక్కువగా దొరికిపోతున్నారని ఎఫ్‌బీఐ హెచ్చరించింది. డబ్బు పంపకూడదు, చాట్ తుడిచేయకూడదు. తప్పిపోయిన పిల్లల జాతీయ కేంద్రం నడిపే టేక్ ఇట్ డౌన్ సేవలో ఫొటో ఎక్కడికీ పంపకుండానే దాని డిజిటల్ వేలిముద్ర తయారై సైట్లకు వెళ్తుంది. వాళ్ళ సైబర్ టిప్‌లైన్ నంబరు 1-800-843-5678. ఈ విషయంలో పిల్లాణ్ణి తిడితే వాడు మీకేమీ చెప్పడు, ఆ నంబరుకు ఫోన్ ఎప్పటికీ వెళ్ళదు.

అమెరికాలో మాస్టర్స్ చదివి కాలేజీ జట్ల అభిమానులైన మనవాళ్ళకూ ఒక ముక్క. చదువుకున్న కాలేజీ క్రీడా విభాగానికి విరాళం ఇచ్చారంటే, కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ లెక్కలో మీరు బూస్టర్ (జట్టు పోషకుడు), ఆ ముద్ర జీవితాంతం పోదు. ‘మా కాలేజీకి వచ్చేయ్ తమ్ముడూ’ అని రిక్రూట్‌కు పెట్టిన మెసేజ్ కూడా నిబంధన ఉల్లంఘన కావచ్చు. పిల్లాడి ఇంటివాళ్ళ వైపు నుంచి చూస్తే ఇదే ఒక ఆయుధం. వేధిస్తున్నవాడు దాత అని తెలిస్తే నిబంధనల అమలు చూసే ఆ కాలేజీ కంప్లయన్స్ ఆఫీసుకు హ్యాండిల్, తేదీలు, స్క్రీన్‌షాట్లతో ఈమెయిల్ పెట్టండి. బూస్టర్‌తో సంబంధం తెంచుకునే అధికారం కాలేజీకి ఉంది.

సంతకం అయిపోయి వారం గడిచాక రిప్లైలు మళ్ళీ తెరవొచ్చు. ఆధారాల ఫోల్డర్ మాత్రం ఉంచండి. ఆగస్టు చివర్లో మొదటి మ్యాచ్‌లో పిల్లాడి చేతిలోంచి బంతి జారితే, ఆ ఫోల్డర్‌లోని హ్యాండిళ్ళలో కొన్ని మళ్ళీ కనిపిస్తాయి.