స్కూబాకి వెళ్తున్నారా, చెవుల సంగతి ముందు చూస్కోండి

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో ఫస్ట్ టైమ్ స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ సముద్రంలోకి దిగే డైవింగ్) చేసేవాళ్లందరూ షార్క్ వస్తుందేమో అని భయపడతారు గానీ అసలు ఏడిపించేది చెవులండీ. 10 మీటర్లు దిగేసరికి ప్రెజర్ పైన ఉన్నదానికి డబుల్ అయిపోద్ది, అందుకే మొదటి రెండు మూడు మీటర్లలోనే చెవిలో ఎవరో వేలు పెట్టి నొక్కినట్టు ఉంటది. నొప్పి మొదలయ్యాక కాదు, అంతకు ముందే, ప్రతి మీటరుకీ ఒకసారి మాస్క్ పైనుంచే ముక్కు పట్టుకుని మెల్లగా, మెల్లగా అంటే నిజంగా మెల్లగానే, గాలి ముక్కులోకి ఊదండి, టిక్ మని తెరుచుకుంటాయి. తెరుచుకోకపోతే గట్టిగా ఊదేయకండి, కర్ణభేరికే మోసం, ఇన్‌స్ట్రక్టర్‌కి చెవి చూపించి చెయ్యి అటూ ఇటూ ఊపండి, కాస్త పైకి తీసుకెళ్తాడు, అక్కడ మళ్లీ ట్రై చెయ్యండి. నేనైతే మొదటిసారి డబ్బులు కట్టాం కదా అని నొప్పి ఓర్చుకుని దిగా, రెండ్రోజులు ఎడమ చెవిలో నీళ్లున్నట్టే ఉంది. జలుబుంటే ఆ రోజు మానెయ్యండి, ముక్కు మందు వేసుకుని దిగితే మధ్యలో పవర్ తగ్గి పైకొచ్చేటప్పుడు చెవి పట్టేస్తది. ఇంకోటి, డైవ్ చేసిన రోజే రిటర్న్ ఫ్లైట్ పెట్టుకోకండి, కనీసం 18 గంటలు గ్యాప్ ఉంచుకోండి.