టెస్టులో పాస్, తోటలో ఫెయిల్: జీడి పిక్కల యాప్‌లో తప్పెక్కడ?

సమస్య: రైతులు అమ్మిన జీడి పిక్కల బరువు ఎక్కించే యాప్ ఇది. యూజబిలిటీ టెస్టులో, అంటే యాప్‌ని మనుషుల చేతికిచ్చి ఎక్కడ తడబడతారో చూసే పరీక్షలో, కూర్చున్న ప్రతి ఒక్కరూ సరుకు చక్కగా నమోదు చేశారు. మార్చిలో పిక్కల సీజన్ మొదలవగానే ఉద్దానం ఊళ్ళ నుంచి తప్పుడు బరువులు వస్తున్నాయి. కాటా చీటీలో ఒక అంకె, యాప్‌లో ఇంకో అంకె.

ముందు ఇది చూడండి: టెస్టుకి కూర్చున్నదెవరు?

ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది దీన్నే. ఖాతా తల్లి పేరు మీద ఉంటుంది, ఫోన్ కొడుకు చేతిలో ఉంటుంది. పలాస దగ్గర ఒక పెద్దావిడని యాప్ గురించి అడిగితే "మా గుంటడు చూస్తాడు బాబూ" అంది. టెస్టుకి ఆ గుంటణ్ణి పిలవాలి. చాలామంది పిలిచేది ఆఫీసులో ఖాళీగా దొరికిన ఫీల్డ్ స్టాఫ్‌ని. వాళ్ళకి తెరలన్నీ కంఠతా వచ్చు.

"టెస్టుకి ఐదుగురు చాలని నీల్సన్ చెప్పాడు కదా" అంటారు. నీల్సన్ అంటే యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్. ఆయన 2000లో రాసిన ఆ లెక్క ఒకే రకం మనుషులకి. రకాలు వేరైతే ఒక్కో రకం నుంచి ముగ్గురు, నలుగురిని కూర్చోబెట్టమని ఆయనే అన్నాడు. మన దగ్గర రైతు, ఊళ్ళో సరుకు పోగేసే వ్యాపారి, పిక్కలు కొనే ప్లాంటులోని గుమస్తా మూడు వేర్వేరు రకాలు. వాళ్ళ సొంత ఫోన్‌తో, సొంత డేటాతో, ఎండలో చేయించండి. ఇది సరిచేశాక కూడా బరువులు తప్పుతుంటే కింద చెప్పేది చదవండి.

అసలు దొంగ: మనం చేతికిచ్చే కాగితం

టెస్టు కాగితం మీద "40 క్వింటాళ్ళ జీడి పిక్కలు నమోదు చేయండి" అని రాస్తాం. తెర మీద గడి పేరు "పరిమాణం, క్వింటాళ్ళలో". కూర్చున్నవాళ్ళు కాగితం చూసి 40 కొడతారు. అది చూచిరాత. వాళ్ళ బుర్రలో ఉన్న లెక్క తెర మీదికి ఎలా వస్తుందో మనం చూడనేలేదు.

తోటలో క్వింటాలు మాట ఎవరి నోటా రాదు. పిక్కల బేరం 80 కిలోల బస్తా మీద నడుస్తుంది, ధర కూడా బస్తాకే చెప్పుకుంటారు. 50 బస్తాలున్న రైతు ఆ గడిలో 50 కొడతాడు. అసలు బరువు 40 క్వింటాళ్ళు. వెయ్యి కిలోలు ఎక్కువ పడింది. పైగా 50 క్వింటాళ్ళంటే ఎవరికీ అనుమానం రాదు. 500 పడితే యాప్ ఆపుతుంది, 50 ఏ హద్దూ దాటదు. అందుకే ఇది ఏ తనిఖీకీ దొరకదు.

మేము ఒక సీజనంతా దీన్ని రైతుల పొరపాటే అనుకున్నాం. హెచ్చరిక పెట్టాం, వీడియోలు పంపాం, ఊరూరా నేర్పించాం. లారీ ప్లాంటులో దిగాక బరువు తక్కువ తేలేది, నింద రైతు మీద పడేది. ఒకాయన మా ముందు నిలబడి "నానేటి తప్పు రాసినాను బాబూ? బస్తాలు లెక్కెట్టే రాసినాను" అన్నాక గానీ మాకు ఆ కాగితం గుర్తు రాలేదు. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

పరిష్కారం

కాగితాన్నీ తెరనీ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్న మాటల్ని కాగితంలో కొట్టేయండి. క్వింటాలు, పరిమాణం, నమోదు అన్నీ పోవాలి. వాటి బదులు "పోయినసారి మీరు అమ్మిన సరుకు ఇందులో ఎక్కించండి" అని నోటితో చెప్పి, వాళ్ళ కాటా చీటీ వాళ్ళ చేతికే ఇవ్వండి. తర్వాత మాట్లాడకండి. "ఇదేటి బాబూ, బస్తాలెక్కడ రాయాలి?" అని అడిగితే చూపించాలని చెయ్యి లాగుతుంది. చూపించకండి. "మీరైతే ఎక్కడ రాస్తారమ్మా?" అనండి. మనం వెతుకుతున్న తప్పు ఆ ప్రశ్నలోనే బయటపడింది, రాసుకోండి.

ఇక తెర. బస్తాలెన్ని, బస్తాకి ఎన్ని కిలోలు అని రెండు గడులు పెట్టి, కింద పెద్ద అక్షరాల్లో "50 బస్తాలు, 80 కిలోల చొప్పున: 40 క్వింటాళ్ళు" అని చూపించండి. కిలోల గడిలో ముందే 80 నింపి పెట్టకండి. ముందే ఉన్న అంకెని ఎవరూ ముట్టుకోరు. ఇదే యాప్ ధాన్యానికి వాడితే దెబ్బ ఇంకా పెద్దది: ప్రభుత్వ కొనుగోలులో గోనె సంచికి 40 కిలోలు, ఊరి మాటలో బస్తా అంటే 80. ఒక్క మాటకి రెండింతల తేడా.

ఒకే లోడు రెండుసార్లు పడుతుంటే

టెస్టు ఆఫీసు వైఫైలో చేసుంటారు. మందస కొండల వైపు సిగ్నల్ లేక, ఏమీ కదలక, మళ్ళీ నొక్కుతారు. నొక్కగానే బటన్ మూసేసి, "ఫోన్‌లో దాచాం, సిగ్నల్ రాగానే వెళ్తుంది" అని చూపించండి. ఫోన్‌లోనే ఆ లోడుకి ఒక నంబరు ఇచ్చేస్తే, రెండోసారి వచ్చినా సర్వర్ పట్టేస్తుంది.

అందరూ బాగుందన్నారు, ఎవరూ వాడట్లేదు

ఇంటికొచ్చినవాడి మొహం మీద బాగాలేదని మనవాళ్ళు అనరు. బాగుందా అని అడగడం మానేసి, రెండో లోడు ఎవరి సాయమూ లేకుండా ఎక్కించారో లేదో చూడండి.

పాత ఫోన్లలో తెలుగు ఒత్తులు విడిపోవడం, తేదీ తప్పుగా ఉన్న ఫోన్లు, నిండిపోయిన మెమరీ: ఇవీ ఉంటాయి, కానీ అరుదు. కాగితం తిరగరాసి మళ్ళీ టెస్టు చేశాకే వీటి జోలికి వెళ్ళండి.