జర్మనీలో నివాస అనుమతి పొడిగింపు: ఆరోగ్య బీమా రుజువు

జర్మనీలో రెసిడెన్స్ పర్మిట్ పొడిగింపుకు వెళ్లేవారు పాస్‌పోర్టు, పే స్లిప్పులు, చిరునామా నమోదు పత్రం ఎంతో శ్రద్ధగా సర్దుకుని, బీమా విషయానికి వచ్చేసరికి పర్సులో కార్డు ఉందిగదా అని ఊరుకుంటారు. ఆ కార్డు డాక్టరు దగ్గర పనిచేస్తుంది గాని, మీరు నేటికీ సభ్యులేనని అది చెప్పదు కాబట్టి, విదేశీయుల కార్యాలయానికి తాజా తేదీతో ఉన్న పత్రమే చూపాలి.

ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉన్నవారికి పని తేలిక. 'మిట్‌గ్లీడ్స్‌బెషైనిగుంగ్' అనే సభ్యత్వ ధ్రువపత్రం కావాలని బీమా సంస్థను అడిగితే చాలు. అది చేతికి రాగానే పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా, ఏ తేదీ నుంచి బీమా నడుస్తోందో రాశారా అన్నది అక్షరం అక్షరం సరిచూడాలి. మీ బీమా కిందే చేరిన భార్య లేదా భర్త, పిల్లల పేర్లు మీ పత్రంలో కనిపించకపోవచ్చు. వారి పేర్లు చూపే పత్రం విడిగా అడిగి తీసుకోవాలి.

చిక్కంతా ప్రైవేటు పాలసీలతోనే. షెంగెన్ వీసా కోసం తీసుకునే 30,000 యూరోల ప్రయాణ బీమా దీర్ఘకాల నివాసానికి సరిపోదు. ఆరోగ్య బీమా తప్పక ఉండాలని జర్మనీ బీమా ఒప్పంద చట్టంలోని 193వ సెక్షన్ విధించిన బాధ్యతను మీ పాలసీ తీరుస్తుందని సంస్థ చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. ఆ సెక్షన్ ప్రకారం వైద్య ఖర్చులో మీరు సొంతంగా భరించే వాటా ఏడాదికి 5,000 యూరోలు దాటకూడదు. పాలసీకి ముగింపు తేదీ ఉంటే అధికారి చూపు మొదట అక్కడే ఆగుతుంది. ధర తక్కువని తీసుకున్న పాలసీలు చాలావరకు ఇక్కడే బెడిసికొడతాయి.

విద్యార్థులకు మరో మెలిక ఉంది. ప్రభుత్వ బీమాలో విద్యార్థి రేటు సాధారణంగా 30 ఏళ్లు నిండిన సెమిస్టరుతో ముగుస్తుంది కనుక, ఆ తరువాత ఏ రకం సభ్యత్వంలో కొనసాగుతున్నారో చూపే కొత్త పత్రం తెచ్చుకోవాలి. ప్రీమియం బకాయి రెండు నెలలకు చేరితే బీమా సేవలు నిలిచిపోవచ్చు, కాబట్టి ముందు బకాయి తీర్చి ఆ తరువాతే పత్రం అడగడం మేలు.

బీమా పత్రం ఆలస్యమైనంత మాత్రాన దరఖాస్తును ఆపకండి. అనుమతి గడువు తీరకముందే దరఖాస్తు చేసుకుంటే నిర్ణయం వచ్చేదాకా పాత అనుమతే కొనసాగినట్టు లెక్క. అందుకు రుజువుగా 'ఫిక్షన్స్‌బెషైనిగుంగ్' అడిగి తీసుకుని, బీమా పత్రం రాగానే దరఖాస్తుకు జతచేయవచ్చు.