నడిచేవాళ్లను బండి గుద్దితే: రోడ్డు మీద పది నిమిషాలు, ఇంట్లో ఒక రాత్రి

రెండు లేన్ల రోడ్డు వెడల్పు సుమారు 7 మీటర్లు. మామూలుగా నడిచేవాళ్లకి దాటడానికి 6 సెకన్లు పడుతుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి 9 దాకా పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల మీద వచ్చే కారు సెకనుకు 22 మీటర్లు, అంటే క్రికెట్ పిచ్‌ కన్నా ఎక్కువ దూరం, వచ్చేస్తుంది. 6 సెకన్లలో 130 మీటర్లు, 9 సెకన్లలో 200. 'దూరంగా ఉందిలే' అనుకున్న బండి మీదికి రావడం ఇందుకే. డివైడర్ ఉన్న రోడ్డయితే దాని దాకా ఒక విడత, అక్కడ ఆగి చూసుకుని రెండో విడత దాటండి. రాంగ్ రూట్‌లో వచ్చే బైకుల కోసం రెండుసార్లూ రెండు వైపులా చూడాలి. రాత్రయితే ఫోన్ టార్చ్ వేసి మీ కాళ్ల మీదికి తిప్పుకోండి, డ్రైవర్ కళ్లలోకి కాదు.

ఇక గుద్దితే. కారు బంపర్ మోకాలి కింద తగులుతుంది, మనిషి బానెట్ మీదికి ఒరుగుతాడు, తల అద్దానికి కొట్టుకుంటుంది. బ్రేకు పడగానే ముందుకు విసిరేసినట్టు పడి, అదే తల మళ్లీ తారుకి తగులుతుంది. కాబట్టి కాలు విరిగినట్టే కనిపించినా తలకీ మెడకీ దెబ్బ ఉందనే లెక్కతో మొదలుపెట్టండి. నెత్తురు చూసి అంచనా వేయొద్దు. మాడు కాస్త చిట్లినా ధారగా కారుతుంది, లోపల మెదడు కమిలినా బయట గీత కూడా ఉండకపోవచ్చు.

ఒకరు వచ్చే బండ్లకు ఎదురుగా, రోడ్డు అంచునే కొంత దూరం వెళ్లి ట్రాఫిక్ ఆపాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. జాతీయ రహదారి అయితే 1033 కూడా పనిచేస్తుంది. చోటు చెప్పడం రాకపోతే కిలోమీటరు రాయి మీది అంకె చదివి చెప్పండి.

ఆ లోపు గుంపులో ఎవరో ఒకరు 'లేపి కూర్చోబెట్టండి, నీళ్లు తాగించండి' అంటారు. రెండూ వద్దు. స్పృహ సరిగా లేనివాడికి గుటక పడదు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాళ్లూ చేతులూ పట్టుకుని ఆటోలో కుదేస్తే, మెడ ఎముక విరిగి ఉంటే వెన్నుపాము తెగవచ్చు. బండ్లు మీదికొచ్చే ప్రమాదం, మంటలు లేకపోతే పడ్డచోటే ఉంచండి. తల వెనక మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులతో తలను అటూ ఇటూ కదలకుండా పట్టుకోండి. చెవులు మూయకండి, మీ మాట వినపడాలి.

గురక వస్తోందంటే నిద్ర పట్టిందని కాదు, నాలుక వెనక్కి జారి గాలి దారి మూసుకుంటోందని. చెవి కింద దవడ మూలల దగ్గర వేళ్లు పెట్టి, మెడ వంచకుండా దవడను పైకి నెట్టండి. వాంతి అయితే ముగ్గురు కలిసి తల, భుజం, నడుము ఒకే దుంగలా పక్కకి తిప్పాలి. తల పట్టుకున్నవాళ్లు 'ఒకటి, రెండు, మూడు' అంటేనే మిగతావాళ్లు కదలాలి. ఊపిరి ఆగినా, ఎగశ్వాసలా అప్పుడొకటి అప్పుడొకటి వస్తున్నా, ఛాతీ నడిమధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా నొక్కాలి.

నెత్తురు కారే చోట శుభ్రమైన కండువా మడిచిపెట్టి 10 నిమిషాలు వదలకుండా నొక్కండి. తడిస్తే దాని మీదే ఇంకోటి వేయండి, తీసి చూడొద్దు. తల మీద నొక్కేటప్పుడు పుర్రె ఎముక కుంగినట్టు మీ చేతికి తగిలితే అక్కడ నొక్కొద్దు, వదులుగా కప్పండి. ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటిది కారితే దూది కుక్కకండి. కాఫీ పొడి, పసుపు వద్దు. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టినా ఉపయోగం లేదు, నోట్లో చెంచా పెడితే పళ్లు ఊడతాయి.

మీరు చేయగల ఇంకో మంచి పని టైము రాసుకోవడం. 'పదీ ఇరవైకి పేరు చెప్పాడు, పదీ నలభైకి గిల్లితేనే కళ్లు తెరిచాడు' అన్న ఒక్క వాక్యం డాక్టరుకి చాలా చెబుతుంది. మద్యం వాసన వచ్చిందని 'తాగి పడున్నాడులే' అనుకోవడం చాలా ప్రమాదం. తాగినవాడి మెదడులోనూ రక్తం గడ్డకడుతుంది.

పోలీసు గొడవ అని వెనక్కి తగ్గకండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. బంధువులు మాత్రం ఆసుపత్రిలో ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు కేసుగా గాయాల నమోదు) రాయించుకోవాలి. గుద్దిన బండి దొరక్కపోయినా చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు పరిహారం ఉంది, దానికి ఈ కాగితాలు కావాలి.

తలకి సీటీ స్కాన్ ఉన్న, రాత్రిపూట కూడా తీసే ఆసుపత్రికే వెళ్లాలి. లేచి నడిచి, నవ్వుతూ మాట్లాడినవాడు కొన్ని గంటల్లో కోమాలోకి జారడం ఉంది. కణత దగ్గర పుర్రె పల్చన. అక్కడ విరిగి లోపలి రక్తనాళం తెగితే పుర్రెకీ మెదడు పొరకీ మధ్య నెత్తురు చేరుతూ పోతుంది, చోటు చాలనంతవరకూ మనిషి బాగానే ఉంటాడు.

డాక్టరు ఇంటికి పంపినా 24 గంటలు ఒంటరిగా వదలకండి. నిద్రపోతే తప్పులేదు, కానీ చెప్పిన వేళకి లేపి మాట్లాడించండి. 'ఊ' అంటే చాలదు, ఎక్కడున్నాడో, ఏ వారమో చెప్పాలి. మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగే తలనొప్పి, ఒక కంటిపాప పెద్దదవడం, మాట ముద్దగా రావడం, ఒకవైపు చెయ్యి పట్టు తప్పడం, లేపినా లేవకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే వాడండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచుతాయి.

65 దాటినవాళ్లకి, గుండె కోసం రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లకి తలకి చిన్న దెబ్బైనా స్కాన్ అడగండి. వాళ్లలో నెత్తురు సన్నగా ఊరుతూ మూడు నాలుగు వారాలకి బయటపడవచ్చు. తాతయ్య నడక తడబడినా, చెప్పిందే చెబుతున్నా వయసని సరిపెట్టుకోకుండా, ఆ దెబ్బ తగిలిన తేదీ డాక్టరుకి చెప్పండి.