పొక్లెయిన్, జేసీబీ మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి?

కుప్పం గ్రానైట్ క్వారీల్లోనూ, పలమనేరు వైపు రోడ్డు పనుల్లోనూ తిరిగే యంత్రాలకు అసలు శత్రువులు దుమ్ము, ఉప్పునీళ్లు. మెకానిక్‌ను పిలిచే ముందు ఈ రెండింటినీ అనుమానించండి.

సమస్య: ఉదయం బాగానే ఉంటుంది, ఎండ ముదిరాక ఇంజిను వేడెక్కుతుంది.

ముందు రేడియేటర్ రెక్కల మధ్య చూడండి. రాతిపొడికి ఆయిల్ జిడ్డు తోడైతే అట్టకట్టి గాలి ఆడదు. ఇంజిను ఆపి, చల్లారాక, ఫ్యాన్ గాలి వెళ్లే దిశకు ఎదురు వైపు నుంచి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టండి. ఒత్తిడి ఎక్కువైతే రెక్కలు వంగిపోతాయి. అది శుభ్రంగా ఉంటే ఫ్యాన్ బెల్టు బిగువు చూడండి. రెండూ బాగున్నాయంటే లోపలి నీళ్లను అనుమానించాలి. బోరు నీళ్లు కాచిన గిన్నెలో మిగిలే తెల్లటి పొరే ఇంజిను లోపలా పేరుకుంటుంది. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఖరీదని బోరు నీళ్లు పోయించే యజమానులు హెడ్ గాస్కెట్ (ఇంజిను హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిన రోజున ఆ లెక్క మళ్లీ వేసుకోవాలి! లోపల కడిగించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయండి. రెడీమేడ్‌గా కలిపి అమ్మేది అయితే నీళ్లు కలపకూడదు. వేడి మీద మూత తీయకండి.

సమస్య: నల్లపొగ, లోడు మీద లాగడం లేదు.

చాలాసార్లు ఎయిర్ ఫిల్టరే కారణం. దాన్ని టైరుకేసి కొట్టి దులిపే అలవాటు మన సైట్లలో పోదు. అలా కొడితే కాగితం మడతలు చిరిగి, దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతుంది. బయటి ఫిల్టర్‌కు లోపలి నుంచి బయటికి, 30 పీఎస్ఐ మించకుండా గాలి పట్టండి. లోపలి చిన్న ఫిల్టర్‌ను శుభ్రం చేయకూడదు, మార్చడమే. అయినా పొగ తగ్గకపోతే ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే భాగాలు) పరీక్ష చేయించాలి.

సమస్య: బూమ్ (బకెట్‌ను ఎత్తి దించే పెద్ద చేయి) నెమ్మదించింది.

హైడ్రాలిక్ ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు, నురుగు వస్తుంటే పంపు గాలి పీలుస్తున్నట్టు. మొదటిదానికి ఆయిల్ మార్చాలి. రెండోదానికి ముందు ఆయిల్ మట్టం, తర్వాత సక్షన్ గొట్టం (పంపులోకి ఆయిల్ పీల్చే గొట్టం) క్లిప్పులు చూడాలి. లీకును చేత్తో తడిమి వెతకవద్దు, అట్టముక్క అడ్డం పెట్టండి. సన్నని రంధ్రం నుంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. గాయం సూదిపోటంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: బకెట్ పిన్నుల దగ్గర టకటక చప్పుడు.

నిపుల్ (గ్రీజు ఎక్కించే మొన) తుడిచి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టండి. ఇది రోజూ చేయాల్సిన పని. గ్రీజు పెట్టినా పిన్ను వదులు తగ్గకపోతే బుష్ (పిన్ను చుట్టూ ఉండే గొట్టం లాంటి ముక్క) మార్చాలి. వాయిదా వేస్తే రంధ్రమే కోలగా అరిగి లైన్ బోరింగ్ (రంధ్రాన్ని మళ్లీ గుండ్రంగా చెక్కించడం) దాకా పోతుంది.

సమస్య: వానాకాలంలో స్టార్ట్ కాదు, నడుస్తూ ఆగిపోతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానల్లో డ్రమ్ముల్లోని డీజిల్‌లో నీళ్లు చేరతాయి. వాటర్ సెపరేటర్ (డీజిల్ నుంచి నీళ్లను వేరుచేసే ఫిల్టర్) నీళ్లు ఉదయమే వదిలేయండి, ట్యాంకును సాయంత్రమే నింపి ఉంచండి.

ఇంజిన్ ఆయిల్ సాధారణంగా 250 గంటలకు మారుస్తారు, క్వారీ దుమ్ములో ఇంకా ముందే. తేదీ కాకుండా అవర్ మీటర్ (ఇంజిన్ నడిచిన గంటలు చూపే మీటరు) చూసి లెక్కపెట్టండి. మాన్యువల్ పోయి ఉంటే యంత్రం సీరియల్ నంబరు చెప్పి డీలరును అడగండి.